ఇన్‌క్రెడిబుల్ అను మాట

నేటి నా ప్రసంగము ఒక్క ఇంగ్లీషు మాటను గూర్చినది. ఆ మాట ఇన్‌క్రెడిబుల్. దాని యర్థము చెప్పబోయి నేనొకప్పుడు భంగపడితిని. ముందుగా ఆ సంగతి విన్నవించుకొనెదను.

1984వ సంవత్సరమున నేను పనిచేయుచుండిన గ్రామములో ఒక రైతు తన కుమారుని పట్టణమునందు హాస్టలులో ఉంచి ఇంగ్లీషు చదువు చెప్పించుచుండెను. ఒకనాడు బడినుండి వచ్చిన యుత్తరమును నాయొద్దకు తెచ్చి, "పంతులుగారూ, ఏమి వ్రాసినారో కాస్త చూడండి" అనెను. గణితములో మీవాని యభివృద్ధి ఇన్‌క్రెడిబుల్ అని అందులో నుండెను. అప్పటికి నా సంస్కృతము గురువులయొద్ద నేర్చినది. ఇంగ్లీషు మాత్రము నిఘంటువులో నేర్చినది. "నమ్మశక్యము కానిది" అని చెప్పితిని. ఆయన ముఖము నల్లబడెను. కుఱ్ఱవాడు కాపీ కొట్టినాడని బడివారు అనుమానించుచున్నారని తలచి, మఱునాడే బస్సెక్కి పోయి, జ్వరమని చెప్పి పిల్లవానిని తోడ్కొనివచ్చి అరక వెంట నడిపించెను. పదునైదు దినములకు, పిల్లవాడు ఇంకను రాలేదేమని ఉపాధ్యాయు డొకడు వెదకికొనుచు వచ్చినప్పుడు గాని అది మెచ్చుకోలని తెలియలేదు. తప్పు నాది, దెబ్బలు వానివి.

ఈ మాట పుట్టుక చూతము. లాటిను భాషలో క్రేదో అనగా నమ్ముచున్నానని యర్థము. నమ్మి యిచ్చునది గనుక అప్పునకు క్రెడిట్ అను పేరు వచ్చినది. మీ సహకార పరపతి సంఘముల ఇంగ్లీషు పేరులో నున్న మాటయు నదియే. మొదటనున్న ఇన్ మన అధర్మములోని అకారము వంటిది; తుది భాగము విశ్వసనీయములోని అనీయర్ ప్రత్యయము వంటిది. కావున అక్షరార్థము అవిశ్వసనీయమనుటలో దోషము లేదు. మఱియొక వింత: క్రేదోయు, మన శ్రద్ధయు ఒకే మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. శ్రద్ధ యనగా సంస్కృతమున నమ్మకము. తెలుగున నేమైనది? పైరునకు నీరు పెట్టనివానిని అశ్రద్ధ చేసినాడందుము గాని, నమ్మకము లేనివాడని యనము. అమోఘ మనగా వ్యర్థము కానిదని యర్థము. మనము పాట బాగున్నను అమోఘమే యందుము, పులుసు బాగున్నను అమోఘమే యందుము. ఇంగ్లీషువారి మాటయు నటులే జరిగినది. నమ్మలేనంత గొప్పదని మొదలై, నమ్మకము మాట మఱుగునబడి, గొప్పది యను భాగమే మిగిలినది. 2002లో మన కేంద్ర పర్యాటక శాఖ వారు ఇన్‌క్రెడిబుల్ ఇండియా యని ప్రచారము మొదలిడినప్పుడు, ఈ దేశమును నమ్మవలదని వారి భావము కాదు గదా!

అయినను పాత యర్థము చావలేదు. సాక్షి చెప్పినది ఇన్‌క్రెడిబుల్ అని తీర్పులో నున్నచో పొంగిపోరాదు. నమ్మదగదని దానిని త్రోసివేసినారన్నమాట. ఎవరు, ఎచ్చట, దేనిని గూర్చి పలికిరో చూచి యర్థము నిర్ణయింపవలెను. ఆటను, వంటను, చదువును గూర్చి యన్నచో బహుశః మెచ్చుకోలే. ఇన్‌క్రెడిబ్లీ అన్నచో తఱచుగా మిక్కిలి యని మాత్రమే.

దీనికి తోబుట్టువు ఇన్‌క్రెడ్యులస్. మొదటిది నమ్మరాని సంగతికి చెల్లును. ఇది నమ్మని మనుష్యునకు, ఆతని చూపునకు చెల్లును. షేక్‌స్పియరు తన ట్వెల్ఫ్త్ నైట్ నాటకమున దీనిని మొదటిదాని యర్థములో వాడినాడు గాని, నేటి పిల్లలు పరీక్షలో నటుల వ్రాసినచో మార్కు పోవును.

ఈ రెండవ మాటకు నాకు నిఘంటువుతో పనిలేదు. పిల్లవాడు తిరిగి బడికి పోయినాడు. వాని తండ్రి మాత్రము అటుపిమ్మట ఏ యుత్తరము తెచ్చినను, నేను అర్థము చెప్పిన పిదప కాగితమువైపు ఒకసారి, నావైపు ఒకసారి చూచి, "అది మంచి మాటేనా పంతులుగారూ?" అని యడుగుచుండెను.