ప్రసవం తర్వాత బరువు తగ్గడం: బాలింతలు ఎందుకు తొందరపడకూడదు?

గర్భధారణలో తొమ్మిది నెలల పాటు పెరిగిన బరువు ప్రసవంతో ఒక్కసారిగా పోదు. శిశువు, మాయ, ఉమ్మనీరు కలిసి దాదాపు ఐదారు కిలోలు కాన్పు సమయంలోనే తగ్గుతాయి. శరీరంలో చేరిన అదనపు నీరు తర్వాతి రోజుల్లో బయటకు పోతుంది. గర్భాశయం పూర్వ పరిమాణానికి చేరడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. ఆపై మిగిలే బరువులో ఎక్కువ భాగం కొవ్వే. అది పాల ఉత్పత్తి కోసం శరీరం దాచుకున్న నిల్వ.

ఆహారం తగ్గిస్తే ఏమవుతుంది?

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలో కేలరీలు, తర్వాతి ఆరు నెలలు 520 కిలో కేలరీలు అదనంగా అవసరమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన ప్రమాణాలు చెబుతున్నాయి. ఈ దశలో కఠినమైన ఉపవాసాలు, పూటలు మానేయడం వల్ల మొదట నష్టపోయేది తల్లే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పులో రక్తం కోల్పోయిన శరీరానికి ఆహారమూ కరవైతే నీరసం మరింత పెరుగుతుంది. అందుకే ప్రసవానంతరం 180 రోజుల పాటు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడాలని ప్రభుత్వ కార్యక్రమం సూచిస్తోంది.

పత్యంలో ఏది మంచిది?

కొన్ని ఇళ్లలో పొట్ట పెరుగుతుందన్న భయంతో బాలింతకు మంచినీళ్లు తగ్గిస్తారు. దీనివల్ల కొవ్వు కరగదు. మలబద్ధకం, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. పప్పు, ఆకుకూరలు, పండ్లు మాన్పించి నెయ్యి, తీపి పదార్థాలు ఎక్కువగా పెట్టడమూ సరికాదు. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, చేపలు, ఆకుకూరలు, రాగి, జొన్న వంటివి కడుపు నింపుతూనే పోషకాలు అందిస్తాయి. తగ్గించవలసినవి చక్కెర, వేపుళ్లు, శీతల పానీయాలు. అంగన్‌వాడీ కేంద్రాల్లో ప్రసవానంతరం ఆరు నెలల వరకు ఉచిత పోషకాహారం పొందే హక్కు 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కల్పించింది.

వ్యాయామం ఎప్పుడు?

సాధారణ కాన్పు అయినవారు ఓపికను బట్టి కొద్ది రోజుల్లోనే మెల్లగా నడక ప్రారంభించవచ్చు. సిజేరియన్ అయినవారు కూడా లేచి నడవడం మంచిదే గానీ, బరువులెత్తడం, పొట్టపై ఒత్తిడి పెట్టే వ్యాయామాలు వైద్యుల పరీక్ష తర్వాతే చేయాలి. క్రమంగా వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామానికి చేరుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. నడుముకు గుడ్డ కట్టుకుంటే కొంత ఆసరా దొరుకుతుంది, కానీ కొవ్వు తగ్గదు. మరీ బిగించి కడితే కటి కండరాలపై ఒత్తిడి పడుతుంది.

వైద్యులను ఎప్పుడు కలవాలి?

పాలివ్వడం కుదుటపడ్డాక వారానికి అర కిలో వరకు తగ్గడం సాధారణంగా సురక్షితమే. మునుపటి బరువుకు చేరడానికి ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి అంతకంటే ఎక్కువ సమయం పట్టవచ్చు. గర్భిణిగా ఉన్నప్పుడు మధుమేహం వచ్చినవారు కాన్పైన ఆరు వారాలకు మళ్లీ రక్తపరీక్ష చేయించుకోవాలి. బరువు అకారణంగా పెరిగినా, వేగంగా తగ్గినా థైరాయిడ్ సమస్య కారణం కావచ్చు. ఎడతెగని దిగులు, ఆకలి లేకపోవడం, శిశువుపై ఆసక్తి తగ్గడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

నిద్ర కరవైన తల్లికి వేళకు వండుకునే తీరిక ఉండదు. ఇంటి పనిని, రాత్రిపూట శిశువు సంరక్షణను కుటుంబ సభ్యులు పంచుకోవడం ఆమె బరువు అదుపులోకి రావడానికీ తోడ్పడుతుంది.