బ్యాంకులు ఎన్నో, మన వాడకు తలుపు ఒక్కటే

ఎస్సీ కార్పొరేషన్ లోన్‌కు దరఖాస్తు పెట్టిన ప్రతి ఒక్కరూ ఒక మాట విని ఉంటారు: "బ్యాంకు కాన్సెంట్ తీసుకురండి." సబ్సిడీ ప్రభుత్వానిది, మిగతాది బ్యాంకు అప్పు. బ్యాంకు ఒప్పుకోకపోతే ఫైలు కదలదు. ఏ బ్యాంకుకు వెళ్లాలి? ఆ ఊరికి కేటాయించిన బ్రాంచికే. అక్కడి మేనేజర్ "టార్గెట్ అయిపోయింది" అనవచ్చు, "మీ వాడలో పాత బాకీలున్నాయి" అనవచ్చు. పక్క మండలంలోని బ్రాంచికి వెళితే ఇంకో జవాబు: "మీ ఊరు మా సర్వీస్ ఏరియా కాదు."

అదే జిల్లా కేంద్రంలో నెల జీతం ఉన్న ఉద్యోగి ఇల్లు కొనాలనుకుంటే నాలుగు బ్యాంకులు ఫోన్ చేస్తాయి. వడ్డీ పావు శాతం తగ్గిస్తామంటాయి, ఇంటికొచ్చి సంతకాలు పెట్టించుకుంటాయి. బ్యాంకులు అవే. ఒకరికి అవి పోటీపడే మార్కెట్, ఇంకొకరికి ఒకే తలుపున్న గది.

బ్యాంకుల పనితీరుపై మార్కెట్ నిర్మాణం, పోటీ ఎలాంటి ప్రభావం చూపుతాయన్నది అర్థశాస్త్రంలో పాత ప్రశ్న. పరిశోధన విద్యార్థులుగా మేము చదివే వ్యాసాల్లో ఈ ప్రశ్నకు సూత్రాలు, సూచీలు చాలా ఉన్నాయి. వాటిని వాడ వైపు నుంచి చదివితే ఏం కనబడుతుందో ఇక్కడ వివరిస్తాం.

పుస్తకాలు చెప్పేది

జో బెయిన్ లాంటి అర్థశాస్త్రవేత్తలు 1950లలో చెప్పిన వాదన సులభమైనది. మార్కెట్ నిర్మాణాన్ని బట్టి సంస్థల ప్రవర్తన, ప్రవర్తనను బట్టి పనితీరు ఉంటాయి. మార్కెట్ కొద్ది బ్యాంకుల చేతిలోనే ఉంటే అవి డిపాజిట్‌కు తక్కువ వడ్డీ ఇచ్చి, అప్పుకు ఎక్కువ వడ్డీ గుంజగలవు. అంతకుముందే, 1935లో, జాన్ హిక్స్ ఇంకో సంగతి చెప్పారు: గుత్తాధిపత్యంలో ఉన్న పెద్ద సుఖం కష్టపడనక్కర్లేకపోవడమే. కొత్త ఖాతాదారుణ్ణి వెతుక్కోవలసిన పని లేని బ్రాంచిని చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

దీనికి ఎదురు వాదన 1973లో హెరాల్డ్ డెంసెట్జ్ నుంచి వచ్చింది. సమర్థంగా పనిచేసే సంస్థలే పెరిగి పెద్దవవుతాయి కాబట్టి, కొద్దిమంది చేతిలో మార్కెట్ ఉండటం తప్పుకు గుర్తు కాదని ఆయన అన్నారు. మిచెల్ పీటర్సన్, తర్వాత మన రిజర్వ్ బ్యాంకు గవర్నర్ అయిన రఘురాం రాజన్ 1995లో అమెరికా చిన్న వ్యాపారాల మీద రాసిన వ్యాసం ఇంకో మెలిక చూపింది. పోటీ తక్కువగా ఉన్నచోట బ్యాంకు కొత్త వ్యాపారికి మొదట తక్కువ వడ్డీకే అప్పు ఇవ్వగలదు. ఆ వ్యాపారి ఎదిగాక ఎక్కడికీ పోడు, తర్వాత రాబట్టుకోవచ్చని దాని ధీమా. పోటీ ఎక్కువైతే ఆ ఓపిక ఉండదు.

అంటే పోటీ ఎప్పుడూ మంచిదనీ, ఎప్పుడూ చెడ్డదనీ తేల్చి చెప్పలేం. అందుకే ముందు అడగాల్సింది, మార్కెట్ అంటే ఎంత మేర అని.

లెక్క ఎక్కడ తప్పుతుంది

పోటీని కొలవడానికి ఎక్కువగా వాడేది హెర్ఫిండాల్-హిర్ష్‌మన్ సూచీ. ఒక్కో బ్యాంకు మార్కెట్ వాటాను వర్గం చేసి కూడితే చాలు. పది బ్యాంకులకు తలా 10 శాతం వాటా ఉంటే సూచీ 1000. ఒక బ్యాంకుకు 60 శాతం, మిగతా నాలుగింటికి తలా 10 శాతం ఉంటే 4000. ఒక్కటే బ్యాంకు ఉంటే 10,000. అంకె పెరిగేకొద్దీ పోటీ తగ్గినట్టు.

దేశం మొత్తాన్ని ఒక మార్కెట్‌గా తీసుకుంటే డజన్ల కొద్దీ బ్యాంకులు లెక్కలోకి వస్తాయి కాబట్టి పోటీ బాగానే ఉన్నట్టు తేలుతుంది. కానీ కూలి పని మానుకుని బస్సెక్కి బ్యాంకుకు వెళ్లే మనిషికి దేశం మార్కెట్ కాదు. ఆ రోజు వెళ్లి రాగలిగిన దూరమే ఆమె మార్కెట్. అక్కడ సూచీ చాలాసార్లు 10,000.

పైగా ఈ ఒంటి తలుపును నిబంధనే కట్టింది. 1989 ఏప్రిల్‌లో సర్వీస్ ఏరియా విధానం వచ్చింది. ఒక్కో గ్రామీణ బ్రాంచికి 15 నుంచి 25 గ్రామాలు అప్పగించారు. ఏ ఊరూ బ్యాంకు లేకుండా మిగలకూడదన్నది ఉద్దేశం. 2004 డిసెంబరులో ఈ కట్టుబాటును సడలించారు, ఎవరైనా ఎక్కడైనా అప్పు అడగవచ్చన్నారు. ఒక్క మినహాయింపు మాత్రం ఉంచారు: ప్రభుత్వ పథకాల కింద ఇచ్చే అప్పులు. అంటే సొంత ఆస్తి చూపించి అప్పు తీసుకునేవాళ్లకు పోటీ దక్కింది. పథకం ద్వారా తప్ప బ్యాంకు మెట్లెక్కే దారి లేనివాళ్లకు పాత కేటాయింపే మిగిలింది. కులం పేరు ఎక్కడా రాయకుండానే మార్కెట్ కులాన్ని బట్టి రెండుగా చీలింది.

బ్రాంచి ఊరికి ఎలా వచ్చింది

ఆ ఒక్క తలుపైనా పోటీ వల్ల రాలేదు. 1969లో 14, 1980లో 6 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు రెండో విడతలో ఉంది. 1977 నుంచి 1990 వరకు రిజర్వ్ బ్యాంకు ఒక షరతు పెట్టింది: ఇప్పటికే బ్యాంకు ఉన్నచోట ఒక కొత్త బ్రాంచి తెరవాలంటే, బ్యాంకు లేని నాలుగు చోట్ల బ్రాంచీలు తెరవాలి. రాబిన్ బర్జెస్, రోహిణి పాండే 2005లో అచ్చువేసిన అధ్యయనం ఈ కాలాన్నే పరిశీలించి, గ్రామీణ బ్రాంచీల విస్తరణ పల్లెల్లో పేదరికాన్ని తగ్గించిందని తేల్చింది.

దీనికి ఖర్చు లేకపోలేదు. రాని బాకీలు పెరిగాయి, లాభాలు పడిపోయాయి. 1991లో నరసింహం కమిటీ ఈ లెక్కలు చూపించే ప్రాధాన్య రంగ అప్పులను 40 శాతం నుంచి 10 శాతానికి కుదించమంది. ప్రభుత్వం ఆ సిఫార్సును అమలు చేయలేదు గానీ, కమిటీ కొలబద్ద నిలిచిపోయింది. లాభం, రాని బాకీ, ఖర్చు అన్న మూడింటితోనే పనితీరును కొలవడం అలవాటైంది. పల్లెలో తగ్గిన పేదరికం ఏ బ్యాంకు బ్యాలెన్స్ షీట్‌లోనూ ఆదాయంగా కనబడదు.

విలీనాలు మూసిన తలుపులు

2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2017లో 27గా ఉన్న ప్రభుత్వ రంగ బ్యాంకులు 2020 నాటికి 12 అయ్యాయి. 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ ఒకటయ్యాయి.

పెద్ద బ్యాంకుకు ఖర్చు తగ్గుతుంది, నష్టాన్ని తట్టుకునే శక్తి పెరుగుతుంది. ఇది నిజమే. కానీ ఒకే మండల కేంద్రంలో రెండు బ్యాంకుల బ్రాంచీలుండి, అవి కలిసిపోతే ఏమవుతుంది? ఒకరు కాదంటే ఇంకొకరిని అడిగే అవకాశం పోతుంది. దేశ స్థాయి సూచీలో కొద్దిగా కదిలే అంకె, ఆ మండలంలో సగానికి సగం మార్పు.

పోటీ మన వాడకు వచ్చినప్పుడు

అలాగని పోటీని తెచ్చి వదిలేస్తే సరిపోతుందా? 2010లో ఆంధ్రప్రదేశ్ దీనికి జవాబు చూసింది. అప్పటికే డ్వాక్రా సంఘాలు అల్లుకుని ఉన్న ఊళ్లలోకి మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అప్పు ఇవ్వడానికి నిజంగానే పోటీపడ్డాయి. పుస్తకం ప్రకారం వడ్డీ తగ్గాలి, సేవ మెరుగుపడాలి. జరిగింది వేరు. ఒకే మహిళకు మూడు నాలుగు కంపెనీలు అప్పు ఇచ్చాయి. ఎవరు ఎంత ఇచ్చారో ఒకరికొకరికి తెలియదు, చెప్పే క్రెడిట్ బ్యూరో వ్యవస్థా సరిగా లేదు. ఒకరి వారం కిస్తీ కట్టడానికి ఇంకొకరి దగ్గర అప్పు చేయాల్సి వచ్చింది. పూచీ ఉమ్మడిది కాబట్టి పక్కింటి ఆడవాళ్లే వసూలుదారులయ్యారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది.

ఆ పోటీ వడ్డీ తగ్గించడానికి జరగలేదు, ఎక్కువమందిని త్వరగా చేర్చుకోవడానికి జరిగింది. ఒక మహిళకు రెండుకు మించి మైక్రోఫైనాన్స్ కంపెనీలు అప్పు ఇవ్వకూడదని, వడ్డీకి పరిమితి ఉండాలని ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు నిబంధనలు పెట్టింది. 2022లో వడ్డీ పరిమితిని ఎత్తేసి, కిస్తీలు కుటుంబ ఆదాయంలో సగం దాటకూడదన్న షరతు తెచ్చింది. ఆ ఆదాయాన్ని ఎవరు, ఎలా లెక్కగడుతున్నారో చూడటం మన పని.

వివక్షను పోటీ తుడిచేస్తుందా

గ్యారీ బెకర్ 1957లో ఒక ఆశ కల్పించారు. వివక్ష చూపే సంస్థ లాభాన్ని వదులుకుంటుంది, పోటీ ఉంటే అది నిలబడలేదు అని. కానీ వీధిలోని దుకాణాలన్నిటికీ ఒకే దురభిప్రాయం ఉంటే, ఎవరు ఎవరిని ఓడిస్తారు? పైగా బ్యాంకు పెట్టాలంటే లైసెన్సు కావాలి. వాడ నుంచి కొత్త పోటీదారు రావడం కిరాణా కొట్టు తెరిచినంత సులువు కాదు.

ఇక్కడ 2017లో రేమండ్ ఫిస్‌మన్, డేనియల్ పారవిసిని, విక్రాంత్ విగ్ ప్రచురించిన అధ్యయనం చదివి తీరాలి. వాళ్లు మన దేశంలోని ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు రికార్డులు చూశారు. అధికారీ, అప్పు తీసుకునేవారూ ఒకే మతానికో, ఒకే సామాజిక వర్గానికో చెందినప్పుడు అప్పు ఎక్కువ దొరికింది. అంతకంటే ముఖ్యంగా, ఆ అప్పులు మెరుగ్గా తిరిగి వచ్చాయి. ఆ అధికారి బదిలీ అయ్యాక కూడా.

దీన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. కుర్చీలో మనవాళ్లు లేనిచోట, తిరిగి కట్టగలిగిన దళితుడికి కూడా అప్పు అందడం లేదు. కాబట్టి బ్యాంకు ఉద్యోగాల్లో రిజర్వేషన్‌ను దయగా చూడటం తప్పు, అది బ్యాంకు పనితీరుకు సంబంధించిన విషయం. ప్రైవేటు బ్యాంకుల్లో రిజర్వేషన్ లేదు. మార్కెట్ ప్రైవేటు వైపు జరిగినకొద్దీ ఆ కుర్చీలు మనకు దూరమవుతాయి.

ఎవరి కొలబద్దతో పనితీరు

బలహీన వర్గాలకు బ్యాంకు అప్పుల్లో 12 శాతం వెళ్లాలన్నది ఇప్పటి నిబంధన. ఆ జాబితాలో ఎస్సీ, ఎస్టీలతో పాటు చిన్న, సన్నకారు రైతులు, స్వయం సహాయక సంఘాలు, మైనారిటీలు, దివ్యాంగులు తదితరులున్నారు. అందరికీ న్యాయమే, కానీ ఎస్సీలకు విడిగా కోటా లేదు. అప్పు తేలిగ్గా తిరిగొచ్చే వర్గాలతోనే బ్యాంకు 12 శాతం పూర్తి చేసుకోవచ్చు. అదీ చేతకాకపోతే, 2016 నుంచి ప్రాధాన్య రంగ సర్టిఫికెట్లు కొనుక్కోవచ్చు. చిన్న, సన్నకారు రైతుల సర్టిఫికెట్ కొంటే అది బలహీన వర్గాల లెక్కలో కూడా పడుతుంది. ఎక్కడో ఇంకో బ్యాంకు ఇచ్చిన అప్పు ఇక్కడి బ్యాంకు టార్గెట్ నింపుతుంది. మన ఊరి బ్రాంచి కొత్తగా ఒక్క అప్పూ ఇవ్వనక్కర్లేదు.

1972లో మొదలైన 4 శాతం వడ్డీ డీఆర్ఐ పథకంలో మాత్రం 40 శాతం ఎస్సీ, ఎస్టీలకే వెళ్లాలన్న స్పష్టమైన వాటా ఉంది. దాని కింద ఇచ్చే సాధారణ అప్పు పరిమితి 15 వేల రూపాయలు. వాటా ఉన్నచోట డబ్బు లేదు, డబ్బు ఉన్నచోట వాటా లేదు.

రేపు మనం అడగాల్సినవి

ఎస్సీ, ఎస్టీల దరఖాస్తును బ్రాంచి స్థాయిలో తిరస్కరించకూడదు. పై స్థాయి అధికారే, కారణం స్పష్టంగా రాసి తిరస్కరించాలి. ఇది ఎస్సీ, ఎస్టీల రుణాలపై రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్‌లో ఉన్న మాట. కౌంటర్ దగ్గర నోటిమాటతో పంపేస్తే, రాతపూర్వక జవాబు అడగండి. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

విద్యార్థులకు ఒక పని. ఎస్‌ఎల్‌బీసీ సమావేశాల పత్రాలు బహిరంగంగా దొరుకుతాయి. మీ జిల్లాలో పోగైన డిపాజిట్లెన్ని, అక్కడే ఇచ్చిన అప్పులెన్ని, అందులో ఎస్సీలకు ఎంత అన్నది బ్యాంకులవారీగా వేరు చేయండి. బ్రాంచి స్థాయి లెక్కలు లేకపోతే ప్రభుత్వ రంగ బ్యాంకుకు ఆర్టీఐ పెట్టండి. వ్యక్తుల పేర్లు అక్కర్లేదు. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని తిరస్కరించారు అన్న మూడు అంకెలు చాలు.

ఉద్యమాలకు ఒక డిమాండ్. ప్రభుత్వ పథకాల అప్పులకు సర్వీస్ ఏరియా కట్టుబాటు తీసేయాలి. బలహీన వర్గాల 12 శాతంలో ఎస్సీ, ఎస్టీలకు విడి వాటా పెట్టాలి, దాన్ని సర్టిఫికెట్లతో నింపడానికి వీల్లేకుండా చేయాలి. మొదటిది రెండో తలుపు తెరుస్తుంది. రెండోది ఆ తలుపు వెనక మనకంటూ కొంత డబ్బు ఉండేలా చూస్తుంది.