సెపాంగ్ పందెపు బాట: వేగానికి వేసిన కళ్ళెం

కౌలాలంపూర్ అంతర్జాతీయ విమానాశ్రయానికి చేరువలో, ఆయిల్ పామ్ తోటల సీమ అయిన సెపాంగ్‌లో, 1999లో ఒక మోటారు పందెపు బాట వెలసింది. ఎస్టేట్లలో చెమటోడ్చి మలేషియాలో స్థిరపడిన తెలుగువారి సంతతికి ఇటువంటి నేల చిరపరిచితమే. జర్మన్ వాస్తుశిల్పి హెర్మన్ టిల్కే రూపొందించిన ఈ బాట పొడవు 5.543 కిలోమీటర్లు, మలుపులు 15. 1999 నుండి 2017 వరకు ఇక్కడ ఫార్ములా వన్ పందేలు జరిగాయి.

వేగానికి నున్నని, తిన్నని రోడ్డు చాలునని మనకు తోచవచ్చు. కాని శిల్పి ముందుగా యోచించేది వాహనం అదుపు తప్పితే ఏమగునన్నదే. గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం 300 అయినప్పుడు శక్తి మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లవుతుంది. అంత శక్తి గోడను తాకి లిప్తపాటులో అణగితే ప్రాణానికే ముప్పు. అందుకే మలుపుల వెలుపల విశాలమైన ఖాళీ స్థలమును, కంకర పరుపును, వాటి వెనుక టైర్ల దొంతరలను ఏర్పరుస్తారు. కంకరలో చక్రాలు కూరుకొని వేగం తగ్గుతుంది. మిగిలిన శక్తిని టైర్లు నలిగి తాము గ్రహిస్తాయి.

రెండవ శత్రువు వర్షం. చక్రానికి, బాటకు నడుమ పలుచని నీటిపొర నిలిచినా పట్టు సడలి వాహనం తేలిపోతుంది. బాటకు అడ్డంగా స్వల్పమైన వాలు ఇచ్చి నీటిని కాలువల్లోకి మళ్ళించటం ఇందుకే. అయినా 2009లో కురిసిన కుంభవృష్టికి 56 చుట్ల పందెం నడుమనే ఆగిపోయింది. విజేతలకు సగం పాయింట్లే దక్కాయి. 2016లో బాటకు కొత్త తారు పరచినప్పుడు నీటిపారుదలను మెరుగుపరచి, చివరి మలుపు లోపలి అంచును ఎత్తు చేశారు.

శిల్పి నేర్పుకూ ఒక హద్దు ఉన్నది. 2011లో ఇక్కడి మోటారు సైకిళ్ళ పందెంలో ఇటలీ యువకుడు మార్కో సిమోన్చెల్లి పదకొండవ మలుపులో జారాడు. అతని వాహనం బయటి ఖాళీ స్థలంలోకి పోక, తిరిగి బాటకు అడ్డంగా వచ్చింది. వెనుక వస్తున్న వాహనాలు తాకి అతడు మరణించాడు. బాట వెలుపల ఎన్ని ఏర్పాట్లున్నా, బాట మధ్యన పడినవానికి అవి అందవు.

ఇకపై టీవీలో పందెం చూచునప్పుడు మీ పిల్లలకు వాహనాల వేగాన్ని మాత్రమే గాక, మలుపు ఆవల వదిలిన ఖాళీ నేలను కూడా చూపండి. వర్గసూత్రం మన కారుకూ వర్తిస్తుంది. అయితే మన రహదారి పక్కన ఆ కంకర పరుపు ఉండదు.