పోత ఇనుము అలసట – ఆయిల్ ఇంజను భాగములలో పగుళ్ళు

ఎద్దు అలసినచో ఒక పూట నీడన కట్టివేసిన తేరుకొనును. ఇనుము అలసినచో తేరుకొనదు. ఒకసారి పుట్టిన సన్నని పగులు, ఇంజనును ఎన్ని దినములు ఆపి ఉంచినను పూడదు. తిరిగి నడిపినపుడు ఆగిన చోటినుండియే ముందుకు సాగును.

"నిన్నటి వరకు బాగుగనే నడిచినది, నేడు అకస్మాత్తుగా విరిగినది" అని రైతులు చెప్పుట కలదు. విరుగుట ఒక్క క్షణములోనే జరిగినను, పగులు మాత్రము అనేక దినములుగా పెరుగుచుండి ఉండును. దీనిని ముందుగా కనిపెట్టగలిగిన ధననష్టమే గాక ప్రాణనష్టము కూడ తప్పును.

అలసట అనగా నేమి?

1842లో ఫ్రాన్సు దేశమున వెర్సాయి నుండి పారిస్ పోవు రైలింజను ఇరుసు విరిగి ఏబదిమందికి పైగా మరణించిరి. అటు పిమ్మట ఇనుప ఇరుసులు ఏల విరుగుచున్నవను విషయము ఇంజనీర్ల దృష్టికి వచ్చెను. జర్మనీలో ఆగస్టు వోలర్ అను రైల్వే ఇంజనీరు 1850వ దశకము మొదలు 1870 వరకు ఇనుప, ఉక్కు ఇరుసులపై పరీక్షలు జరిపెను. ఒక్కసారి వేసిన తట్టుకొను బరువునే లక్షల సార్లు మార్చి మార్చి వేసినచో లోహము విరుగునని ఆయన చూపెను. ఆ బరువును ఒక హద్దునకు లోపల ఉంచినచో ఎన్నిసార్లు వేసినను విరుగదనియు తేల్చెను. ఈ హద్దునే అలసట హద్దు అందురు.

పోత ఇనుములో ఈ హద్దు మరింత తక్కువ. ఇందులోని కర్బనము, పెన్సిలులో ఉండు నల్లని గ్రాఫైటు రూపమున, పలుచని రేకులుగా అంతటను వ్యాపించి ఉండును. ప్రతి రేకును ఒక చిన్న పగులు వంటిదే. అందుచేత పోత ఇనుము నొక్కుడును బాగుగా ఓర్చును గాని లాగుడును ఓర్వదు. ఒక్కసారి లాగిన ఎంత బలమునకు తెగునో, అందులో సుమారు 35 నుండి 50 శాతము బలమును పదే పదే ప్రయోగించినను తెగిపోవచ్చును.

లెక్క చూడుడు

నిమిషమునకు 650 చుట్లు తిరుగు నాలుగు స్ట్రోకుల ఇంజనులో, రెండు చుట్లకొక పర్యాయము నూనె మండి దెబ్బ తగులును. అనగా నిమిషమునకు 325, గంటకు 19,500 దెబ్బలు. దినమునకు 8 గంటలు నడిపిన 1,56,000 దెబ్బలగును. సుమారు 64 దినములలో ఈ సంఖ్య కోటి దాటును.

ఒక భాగము పగులు లేకుండ కోటి దెబ్బలు ఓర్చినదన్న, దానిపై పడు బరువు సాధారణముగా హద్దునకు లోబడియే ఉన్నదని అర్థము. అట్టి భాగము తరువాత విరిగినచో, నడుపు పద్ధతిలో ఏదో మార్పు వచ్చినదని గ్రహింపవలెను. ఆ మార్పులలో ముఖ్యమైనవి ఇవి:

1. వేగము పెంచుట: నీరు ఎక్కువ వచ్చునని గవర్నరును బిగించి 650 చుట్లను 800 చేసినచో, ఫ్లైవీలును చీల్చు బలము ఇంచుమించు ఒకటిన్నర రెట్లగును.

2. కీని మితిమీరి కొట్టుట: దుంగను చీల్చుటకు మేకు దిగగొట్టినట్లే, వాలు గల కీని సమ్మెటతో దిగగొట్టిన ఫ్లైవీలు నడిమి భాగము కీ గాడి మూలనుండి చీలును. కీని వదులుగా ఉంచుటయు తప్పే. అది ప్రతి దెబ్బకు గాడిలో కొట్టుకొనును.

3. పునాది బోల్టులు వదులగుట, పీఠము ఒక మూల ఎత్తుగా ఉండుట, బెల్టును అతిగా బిగించుట.

4. తుప్పు: తడిలో తుప్పు పట్టుచు పని చేయు భాగమునకు అలసట హద్దు నిలువదు.

పరీక్షించు విధము

కుండను కొనునపుడు వేలితో కొట్టి చూచుట అందరెరిగినదే. అట్లే విప్పిన భాగమును వ్రేలాడదీసి చిన్న సుత్తితో తట్టవలెను. మంచిది గంటవలె మ్రోగును. పగిలినది బొంగురుగా పలుకును.

రెండవది కిరసనాయిలు పరీక్ష. ఇంజనును ఆపి, చల్లారిన తరువాత అనుమానమున్న చోటును శుభ్రపరచి కిరసనాయిలు పూసి అరగంట ఉంచవలెను. పిమ్మట పొడిగుడ్డతో బాగుగా తుడిచి సుద్దపొడి రాయవలెను. పగులున్నచో లోపలి నూనె పైకి ఊరి సుద్దపై తడి గీత కనబడును. ఫ్లైవీలులో కీ గాడి మూలలు, ఆకులు అంటియుండు చోట్లు, పంపు కాళ్ళు, చెరకు గానుగ చక్రపు పండ్ల మొదళ్ళు తప్పక చూడవలెను.

విరిగిన ముక్కను పారవేయకుడు. విరుపులో ఒక భాగము తుప్పుతోను నూనె మురికితోను నల్లబడి, మిగిలినది కొత్తగా బూడిదరంగున ఉన్నచో పగులు పాతదని తెలియును. కారణమును సరిచేయక కొత్త భాగము బిగించిన అదియు అట్లే విరుగును.

పగులు కనబడినచో

పగులు పెరిగిన కొలది దాని వేగమును పెరుగును. కావున "ఈ తడి అయిన తరువాత చూతము" అనుట ప్రమాదకరము. పంపు తొట్టి వంటి వానిని అనుభవజ్ఞుడైన వెల్డరుచే ముందుగా వేడిచేసి, అతికిన పిదప మెల్లగా చల్లార్చు పద్ధతిలో బాగుచేయించవచ్చును. పగిలిన ఫ్లైవీలును మాత్రము ఎన్నడును అతికించి వాడరాదు. అది పగిలిన ముక్కలు తుపాకి గుండ్లవలె ఎగురును. దానిని తీసివేసి మారుదానిని బిగించు వరకు ఇంజను నడుపరాదు.

గ్రామాధికారులు పంటకాలము ప్రారంభమునకు ముందు ఈ రెండు పరీక్షలను ఒకచోట చేయించి రైతులకు చూపవలెను. ఇందుకు కావలసినవి చిన్న సుత్తి, కొద్ది కిరసనాయిలు, గుప్పెడు సుద్దపొడి మాత్రమే.