పురుగు వయసు చూసి మందు కొట్టాలి

పై వీడియోలో నా చేతిలో రెండు మిరప ఆకులు చూశారు కదా. ఒకదాని మీద గుంపుగా సన్నటి పిల్లపురుగులు, రెండోదాని మీద చిటికెన వేలంత లద్దె పురుగు. రెండూ ఒకే జాతి, ఒకే చేలో దొరికినవి. కానీ ఒకే మందుకి రెండూ ఒకేలా చావవు. ఇది నాకు డిప్లొమాలోనే చెప్పారు, దెబ్బ తిన్నాకే బుర్రకెక్కింది.

కిందటేడు కార్తీకంలో మా వినుకొండ పక్క ఊరి బాబాయికి లద్దె పురుగు కోసం ఎన్.పి.వి. వైరస్ ద్రావణం నేనే ఇచ్చాను. వారం తర్వాత వచ్చి, "ఏందబ్బాయ్, నీ మందు తాగి పురుగులు ఇంకా బలిసినాయి!" అన్నాడు. చేనుకెళ్లి చూస్తే నిజమే, ఆకుల్లో ఈనెలే మిగిలాయి. అదే ద్రావణం నా చేలో పిల్లపురుగుల మీద బాగా పనిచేసింది. తప్పు నాదే. పురుగు ఎంత సైజులో ఉందో అడక్కుండా అమ్మాను. డబ్బులు తిరిగిచ్చాను గానీ, పోయిన పైరు ఇవ్వలేను కదా.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మనకున్నట్టు పురుగులకి యాంటీబాడీలు ఉండవు. పై చర్మం, పేగు గోడ, రక్తంలోని కణాలు, ఇవే వాటి కాపలా. లోపలికొచ్చిన క్రిమిని ఆ కణాలు చుట్టుముట్టి నల్లటి పదార్థంతో మూసేస్తాయి.

ఎన్.పి.వి. ఆకుతో పాటు కడుపులోకి వెళ్లి, ముందు పేగు కణాలకి సోకుతుంది. పిల్లపురుగులో అక్కడి నుంచి ఒళ్లంతా పాకుతుంది. నాలుగైదు రోజులకి పురుగు మొక్క పైకెక్కి తలకిందులుగా వేలాడి చస్తుంది. పెద్ద పురుగు అయితే వైరస్ సోకిన పేగు కణాలను ముందే రాల్చేసి, పెంటతో బయటికి పంపగలదు. పైగా ఒళ్లు పెద్దది, మోతాదు చాలదు.

బవేరియా శిలీంధ్రం దారి వేరు, అది చర్మం గుండా దిగుతుంది. దిగేలోపే పురుగు కుబుసం విడిస్తే, శిలీంధ్రం కూడా దాంతోనే పోతుంది.

1987-88లో మన గుంటూరు, ప్రకాశం పత్తిలో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్ మందులకి లొంగకపోవడం వేరే సంగతి. అది తరం నుంచి తరానికి వచ్చే నిరోధకత. ఇప్పుడు చెప్పేది ఒకే పురుగు జీవితంలో వయసుతో వచ్చే మార్పు.

మరి ముసలితనంలో? పండు ఈగల మీద చేసిన పరిశోధనల్లో ముసలి ఈగలు జబ్బుని తట్టుకోలేక త్వరగా చచ్చాయి. తేనెటీగల్లో పిల్లల్ని సాకే వయసు దాటి పూల మీదికెళ్లే ఈగలకి రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. అంటే మన చేలో పూల మీద కనిపించేవి వయసు మళ్లినవే. అందుకే జీవ మందు అయినా సరే, ఈగలు తిరిగే వేళ కొట్టకండి.

నేను ఇప్పుడు చేసేది ఇదీ:

• లింగాకర్షక బుట్టలో రెక్కల పురుగులు పడటం మొదలవగానే ఆకుల అడుగున గుడ్ల కుప్పలు వెతుకుతాను. గట్టు మీద ఆముదం ఉంటే ముందు అక్కడే. దొరికిన ఆకుని తుంచి నలిపేస్తాను.

• ఆకు జల్లెడలా కనబడి, పిల్లలు గుంపుగా ఉన్నప్పుడే ఎన్.పి.వి. హెక్టారుకి 250 ఎల్.ఇ., అంటే ఎకరాకి 100. కొంచెం బెల్లం కలిపి సాయంత్రమే కొట్టాలి, ఎండకి వైరస్ చచ్చిపోతుంది.

• లద్దె పురుగు వైరస్ శనగపచ్చ పురుగుకి పనికిరాదు. దేనిది దానికే.

• పెద్దవైపోతే వైరస్ మీద డబ్బు పెట్టకండి. పగలు మట్టిపెళ్లల కింద దాక్కుంటాయి, చీకటిపడ్డాక లైటుతో వెళ్లి ఏరేయండి.

ఇప్పుడు నా దగ్గరికి మందు కోసం ఎవరొచ్చినా, "ముందు ఆకు తెచ్చి చూపించండి" అంటున్నాను. బాబాయి కూడా ఈ ఏడు ఆకు పట్టుకునే వచ్చాడు.