ఆట మధ్యలో ఆగిపోయే గ్రాఫిక్స్ కార్డు: లోపం వేడిదా, విద్యుత్తుదా?

ఐఐటీ ఢిల్లీ పక్కనే ఉన్న జియా సరాయ్ ఇరుకు సందుల్లో, పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు చిన్న గదుల్లో అద్దెకు ఉంటారు. 2024 మే 29న దగ్గర్లోని సఫ్దర్‌జంగ్‌లో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. అలాంటి ఎండాకాలంలో గేమ్ ఆడుతుండగా కంప్యూటర్ ఆగిపోతే, కార్డు పాడైందని వెంటనే కొత్తది కొనక్కర్లేదు.

200 వాట్లు వాడే కార్డు దాదాపు ఆ శక్తినంతా వేడిగానే వదులుతుంది. ఫ్యాన్ వేగం మారకపోతే, గది 25 డిగ్రీల నుంచి 40కి వేడెక్కినప్పుడు చిప్ ఉష్ణోగ్రత కూడా సుమారు 15 డిగ్రీలు పెరుగుతుంది. హద్దు దాటితే చిప్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతుంది.

అందుకే ఆడుతున్నంతసేపూ ఉష్ణోగ్రతను నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌ను నడపాలి. వేడి మెల్లగా ఎక్కి ఆ తర్వాత ఆగితే, కారణం దుమ్ము లేదా ఎండిపోయిన థర్మల్ పేస్టు కావచ్చు. ప్లగ్ తీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకుని దుమ్ము దులపాలి.

ఉష్ణోగ్రత మామూలుగానే ఉండి, ఆట ఊపందుకున్న క్షణంలో కంప్యూటర్ మొత్తం ఆరిపోతే విద్యుత్ సరఫరాను అనుమానించాలి. ఎనిమిది పిన్నుల కనెక్టర్ 150 వాట్లు అందించాలంటే 12 వోల్టుల వద్ద 12.5 ఆంపియర్ల కరెంటు పారాలి. కనెక్టర్ వదులైతే అక్కడ నిరోధం పెరిగి వోల్టేజీ పడిపోతుంది. కంప్యూటర్ నడుస్తూనే గేమ్ ఒక్కటే మూసుకుపోతే, ముందుగా డ్రైవర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించి చూడాలి. తెరపై రంగుల మచ్చలు పదేపదే కనిపిస్తే కార్డు మెమరీలో లోపం ఉండొచ్చు.

ఏ పరీక్షయినా ఒకసారికి ఒక్క మార్పుతోనే చేయాలి. అన్నీ ఒకేసారి మారిస్తే సమస్య పోవచ్చు గానీ, అసలు కారణం తేలదు.