సోడాబుడ్డి – ఎరువుల కర్మాగారము

వేములవాడ రాజన్న దర్శనమునకు వచ్చు యాత్రికులు వేసవిలో గోలీసోడా త్రాగి సేదదీరుట కలదు. గోలీని లోనికి నొక్కగానే బుసబుస పొంగునది బొగ్గుపులుసు వాయువు. దీనినే కార్బన్ డైఆక్సైడు అందురు. ఒత్తిడి హెచ్చినకొలది ఇది నీటిలో ఎక్కువగా కరగును. ఒత్తిడి తగ్గగానే బుడగలై వెలువడును. ఇది విద్యార్థులు ఎరిగినదే. కాని సోడా యంత్రమునకు తగిలించు సిలిండరులోనికి ఆ వాయువు ఎచటినుండి వచ్చును?

గాలిలో ఇది 10,000 పాళ్లకు సుమారు 4 పాళ్లు మాత్రమే కలదు. అంత పలుచని దానిని వేరుచేయుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. అందుచే ఇతర పరిశ్రమలలో ఉపఫలముగా వెలువడు వాయువునే శుద్ధిచేసి, ద్రవముగా మార్చి అమ్ముదురు. వానిలో ముఖ్యమైనది అమ్మోనియా పరిశ్రమ. సహజవాయువును నీటియావిరితో కలిపి ఉదజనిని తీయునపుడు, అందలి కర్బనము చివరకు బొగ్గుపులుసు వాయువగును. ఉదజని నత్రజనితో కలిసి అమ్మోనియా అగును. దానినుండి ఎరువులు తయారగును.

కావున ఎరువుల యంత్రము ఆగినచో సోడాకును చిక్కు వచ్చును. 2021 సెప్టెంబరులో బ్రిటనులో ఇదియే జరిగెను. సహజవాయువు ధర విపరీతముగా పెరుగుటచే సి.ఎఫ్. సంస్థ బిల్లింగ్‌హామ్, ఇన్స్ అను చోట్లగల ఎరువుల కర్మాగారములను నిలిపివేసెను. ఆ దేశపు బొగ్గుపులుసు వాయువులో సుమారు 60 శాతము వానినుండియే లభించుచుండెను. పానీయములు చేయువారే గాక, వధకు ముందు కోళ్లను, పందులను స్పృహ తప్పించుటకు దీనిని వాడు మాంస పరిశ్రమవారును కలవరపడిరి.

సెప్టెంబరు 21న ప్రభుత్వము ఒప్పందము కుదుర్చుకొని, బిల్లింగ్‌హామ్ కర్మాగారమును నడుపుటకు మూడు వారములపాటు ధనసహాయము చేసెను. అక్టోబరులో, వాయువు కొనువారే తగిన ధర చెల్లించునట్లు 2022 జనవరి వరకు మరియొక ఏర్పాటు జరిగెను. ఇవన్నియు తాత్కాలికములే. 2023లో అచటి అమ్మోనియా విభాగమును శాశ్వతముగా మూసివేయుటకు సంస్థ నిర్ణయించెను.

మన రామగుండములో 1999లో మూతపడిన బొగ్గు ఆధారిత కర్మాగారమునకు బదులు, 2021లో సహజవాయువుతో పనిచేయు క్రొత్త కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించెను. దాని సామర్థ్యము దినమునకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. అయితే ఒక భేదము కలదు. బ్రిటనులో చేసినది అమ్మోనియం నైట్రేటు. అందు కర్బనము లేదు, కనుక వాయువు మిగులును. యూరియాలో కర్బనము కలదు. 60 గ్రాముల యూరియాకు 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు కావలెను. ఈ లెక్కన 3,850 టన్నులకు సుమారు 2,800 టన్నులు. అమ్మోనియాతోపాటు పుట్టిన వాయువులో అధికభాగము అచటనే ఖర్చగును.

మరియొక మార్గము పులియబెట్టుట. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిసినచో 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వచ్చును. సారాయి బట్టీలలో గాలిపాలగు ఈ వాయువును పట్టి శుద్ధిచేసినచో, ఎరువుల యంత్రము ఆగిన దినమునకూడ సోడాబుడ్డి పొంగును.